ఫీజు కట్టే ముందు బడి చూద్దాం

(సొసైటీ వార్షిక సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

మాకిచ్చిన సమయం అరగంట. కమిటీలో ఎక్కువమందిమి పంతుళ్లం, బెల్లు వినపడితే తప్ప పాఠం ఆపే అలవాటు లేనివాళ్లం. అయినా భోజనాల వేళ దాటనివ్వమని సెక్రటరీ గారికి మాట ఇచ్చి వచ్చాం.

జూన్ రెండో వారం నుంచి మన ఆఫీసు మెట్ల మీద ఎవరు కూర్చుంటారో మీ అందరికీ తెలుసు. ఆటోనగర్‌లో డెంటింగ్ పని చేసేవాళ్లు, బీసెంట్ రోడ్డులో బండి మీద బట్టలమ్మేవాళ్లు, కుట్టు మిషన్ మీద ఇల్లు నడుపుకునే తల్లులు. ఒక చేతిలో ఫీజు కార్డు, ఇంకో చేతిలో రేషన్ కార్డు జిరాక్సు, కొంగు పట్టుకుని ఒక పిల్ల. మనం అర్జీ తీసుకుంటాం, ఇంటికి వెళ్లి విచారిస్తాం, మొహల్లాలో ఇద్దరిని అడుగుతాం, నిజమైన హక్కుదారే అని తేలాక స్కూలు పేరు మీద చెక్కు రాస్తాం. ఈ పని శ్రద్ధగానే జరుగుతోంది. మేము మాట్లాడబోయేది దాని తర్వాతి మెట్టు గురించి. మన అర్జీ ఫారంలో కుటుంబం గురించి పధ్నాలుగు గళ్లున్నాయి. బడి గురించి ఉన్నది ఒకటే గడి, పేరు రాయడానికి. వచ్చే జూన్ నుంచి ఆ ఫారానికి రెండో పేజీ చేర్చాలని, ఆ పేజీ నింపడానికి మనలో కొందరు బడి దాకా వెళ్లి చూసి రావాలని మా ప్రతిపాదన.

మన విజయవాడలో వన్‌టౌన్‌లోనో, సింగ్‌నగర్‌లోనో, భవానీపురంలోనో ఒక ఇంటి గుమ్మంలో నిలబడి చూడండి. నడిచి వెళ్లగలిగే దూరంలో కార్పొరేషన్ బడి ఒకటి ఉంటుంది. వీధి మలుపులో మూడంతస్తుల ఇంటికి రంగులు వేసి బోర్డు పెట్టిన చిన్న ప్రైవేటు స్కూలు ఉంటుంది. మెయిన్ రోడ్డు మీద పెద్ద కార్పొరేట్ సంస్థ బ్రాంచి ఉంటుంది. వీటి మధ్య ఒకప్పుడు ఎయిడెడ్ బడులు ఉండేవి. జీతాలు ప్రభుత్వానివి, యాజమాన్యం ట్రస్టులది, ఫీజు నామమాత్రం. మధ్యతరగతికీ పేదకూ ఒకే బెంచీ మీద చోటిచ్చిన బడులవి. 2021లో ప్రభుత్వం ఎయిడ్ విధానం మార్చాక అవి బాగా తగ్గిపోయాయి. కార్పొరేట్ బ్రాంచి ఫీజు మన దగ్గరికి వచ్చే కుటుంబాలకు అందదు. కాబట్టి అసలు పోటీ కార్పొరేషన్ బడికీ, వీధి మలుపులోని చిన్న ప్రైవేటు స్కూలుకీ మధ్యనే. మన చెక్కుల్లో ఎక్కువ భాగం వెళ్తున్నది ఈ రెండో దానికే.

తల్లిదండ్రులు దానివైపు మొగ్గు చూపితే వాళ్లకు తెలియక అనుకోవద్దు. వాళ్ల కారణాలు గట్టివి. మొదటిది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, వయసు. పిల్లాడికి మూడేళ్లు నిండగానే ప్రైవేటు స్కూలు నర్సరీలో చేర్చుకుంటుంది. కార్పొరేషన్ ప్రైమరీ బడి చాలాచోట్ల ఒకటో తరగతితో మొదలవుతుంది, అంటే ఐదేళ్లు నిండాలి. మధ్యలో ఉన్నది అంగన్‌వాడీ. తల్లి పనికి వెళ్లే ఇంట్లో ఆ రెండేళ్లు ఎలా గడుస్తాయి? నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అయ్యేసరికి స్నేహితులు అక్కడే, వ్యాను డ్రైవరు బాబాయి లాంటివాడు, టై కట్టుకున్న ఫొటో దాదీ ఫోన్‌లో. ఒకటో తరగతికి బడి మార్చడమంటే పిల్లాడి చేత ఏదో తగ్గించుకోమని చెప్పినట్టు అనిపిస్తుంది. ఆరేళ్లప్పుడు బడి ఎంచుకుంటున్నారని మనం అనుకుంటాం గానీ, ఆ నిర్ణయం మూడేళ్లప్పుడే అయిపోతోంది. ఇక ఇంగ్లీషు ఎలాగూ ఉంది. ఆడపిల్లను ఇంటి ముందు ఎక్కించుకుని ఇంటి ముందు దింపే వ్యాను ఉంది. కార్పొరేషన్ బడికి పంపితే బంధువుల్లో చిన్నచూపు చూస్తారన్న బాధ కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం.

అయితే ఆ తల్లి మనసులో ఉన్న కార్పొరేషన్ బడి తను చదువుకున్న రోజుల నాటిది. ఇప్పుడు పాఠాలు చాలావరకు ఇంగ్లీషు మీడియంలోనే. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. 2020-21 నుంచి ఇలా వేస్తున్నారు. తెలుగు చదవగలిగిన తల్లి రాత్రిపూట పక్కన కూర్చుని పాఠం చెప్పగలదు. ప్రైవేటు స్కూళ్లు కొనిపించే నున్నటి రంగుల పుస్తకాలతో ఆ సౌకర్యం లేదు. పుస్తకాలు, నోటు పుస్తకాలు, బ్యాగు, బూట్లు, యూనిఫారం బట్ట అన్నీ విద్యార్థి మిత్ర కిట్‌లో వస్తాయి. మధ్యాహ్నం గుడ్డుతో అన్నం పెడతారు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం. టీచర్లు డీఎస్సీ రాసి, మెరిట్‌లో నిలిచి వచ్చినవాళ్లు. 2025లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి నియామకాలు చేశారు. చిన్న ప్రైవేటు స్కూల్లో పాఠం చెప్పేది చాలాసార్లు డిగ్రీ పూర్తి చేసి, పెళ్లయ్యేదాకానో వేరే ఉద్యోగం దొరికేదాకానో అక్కడ ఉండే అమ్మాయి. వాళ్లలో ఎంతో ఓపికగా, ప్రేమగా చెప్పేవాళ్లను మేము చూశాం. కానీ ఆ జీతానికి ఎవరూ మూడేళ్లు నిలవరు. పిల్లలకు ఏటా కొత్త టీచరు.

ఇది కార్పొరేషన్ బడికి ప్రచారం అనుకోకండి. మాలో కొందరం ఆ బడుల్లోనే పనిచేస్తున్నాం, వాటి సంగతి మాకు బాగా తెలుసు. ఒకే టీచరు రెండు మూడు తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టి చెప్పే ప్రైమరీ బడులు ఇంకా ఉన్నాయి. అక్కడ పిల్లాడు ఐదో తరగతికి వచ్చినా పేరా చదవలేకపోతే ఆశ్చర్యం లేదు. 2025లో తరగతికి ఒక టీచరు చొప్పున ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు ఏర్పాటు చేశారు. అవి దగ్గరలో ఉంటే సంగతి వేరు. కార్పొరేషన్ బడి మంచిదా, ప్రైవేటు బడి మంచిదా అని అడిగితే జవాబు ఉండదు. ఏ వీధిలో బడి, ఏ తరగతి, ఏ టీచరు అని అడగాలి. మన దగ్గర కావలసింది ఆ సమాచారమే.

ఒక లెక్క వేద్దాం. ఎవరి లెక్కో కాదు, మన అర్జీల్లో కనిపించే మామూలు లెక్క. చిన్న ప్రైవేటు స్కూల్లో ఏడాదికి ఫీజు 18,000 అనుకుందాం. స్కూల్లోనే కొనాల్సిన పుస్తకాలు 4,000. రెండు జతల యూనిఫారం, బూట్లు, టై, బెల్టు 3,000. వ్యాను నెలకు 800 చొప్పున పది నెలలకు 8,000. ఒక్క బిడ్డకు 33,000. ఇద్దరికి 66,000. తల్లికి వందనం కింద బిడ్డకు 13,000 చొప్పున 26,000 తల్లి ఖాతాలో పడుతుంది. ఇంకా 40,000 చేతి నుంచి పెట్టాలి. ఈ పథకానికి పట్టణాల్లో ఆదాయ పరిమితి నెలకు 12,000, అంటే ఏడాదికి 1,44,000. ఆ అంచున ఉన్న కుటుంబం సంపాదనలో నాలుగో వంతుకు మించి బడికే పోతుంది. అప్పుడే మన మెట్లెక్కుతారు. మనం ఇరవై వేలు ఇస్తాం. మిగతా ఇరవైకి వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్తారు.

అదే పిల్లలు కార్పొరేషన్ బడిలో ఉంటే ఆ 26,000 అలాగే వస్తుంది. పథకం రెండు రకాల బడులకూ ఒకటే. ఫీజు లేదు, పుస్తకాల ఖర్చు లేదు. ఆ డబ్బుతో సాయంత్రం లెక్కల ట్యూషన్ పెట్టించవచ్చు, వర్షాకాలంలో ఆటో మాట్లాడుకోవచ్చు, కంటి అద్దాలు కొనవచ్చు. కంటి అద్దాల మాట నవ్వులాటకు అనలేదు. చదువులో మొద్దు అని పేరు పడ్డ పిల్లల్లో బోర్డు కనిపించని వాళ్లు ఎందరో.

ఇంకో సంగతి తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. దాతలకు కూడా ఇది కొత్తగానే ఉంటుంది. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే పరీక్ష పెడతారు. నెగ్గిన పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 స్కాలర్‌షిప్, నాలుగేళ్లకు 48,000. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉంటే చాలు. కానీ రాయగలిగేది ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో చదివేవాళ్లే. మనం ఫీజు కట్టి ప్రైవేటు స్కూల్లో ఉంచిన పిల్లకు ఆ పరీక్ష రాసే అర్హతే ఉండదు. అలాగే నూజివీడు ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కుల మీదనే ఆరేళ్ల ఇంజనీరింగు చదువుకు సీటిస్తారు. ప్రభుత్వ బడుల్లో హాస్టలు లేకుండా చదివిన పిల్లలకు వెనుకబాటు కింద నాలుగు శాతం వెయిటేజీ కలుపుతారు. మార్కుల జాబితాలో నాలుగు శాతం అంటే ఎంత పెద్ద ఎత్తో పిల్లల్ని చదివించినవాళ్లకు తెలుసు. ఐదో తరగతి తర్వాత హైస్కూలు ఎంచుకునేటప్పుడు ఈ రెండూ లెక్కలోకి రావాలి. పది పూర్తయ్యాక తెలిస్తే ప్రయోజనం లేదు.

చిన్న ప్రైవేటు స్కూలుకు మనం వెళ్లినప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది చాలామందికి తోచదు. గుర్తింపు ఏ తరగతి దాకా ఉంది? ఐదు దాకానో, ఏడు దాకానో గుర్తింపు ఉన్న స్కూళ్లు పది దాకా తరగతులు నడుపుతుంటాయి. పై తరగతి పిల్లల పేర్లు గుర్తింపు ఉన్న ఇంకో స్కూలు రిజిస్టర్‌లో ఉంటాయి. పిల్లకు గానీ తల్లికి గానీ ఆ స్కూలు ఎక్కడుందో తెలియదు. పదో తరగతి హాల్ టికెట్టు వచ్చినప్పుడు తెలుస్తుంది.

పోయిన ఏడాది మన ఆఫీసుకు ఒక తల్లి వచ్చింది. ఇళ్లలో పని చేసి కూతుర్ని తొమ్మిదో తరగతి దాకా లాక్కొచ్చింది. మూడేళ్లుగా సగం ఫీజు ఇంకో దాత కడుతున్నారు. పది నామినల్ రోల్స్ పంపే సమయానికి చూస్తే అమ్మాయి పేరు ఊరి అవతలి బడిలో ఉంది. అక్కడ ‘షేక్’ అనే ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టు కాక ఇంకో స్పెల్లింగులో ఎక్కింది. పుట్టిన తేదీలో నెల తారుమారైంది. సవరణ కోసం ఈ బడి ఆ బడి మీద, ఆ బడి ఈ బడి మీద చెప్పింది. మా కమిటీలో ఒక మేడమ్ తొమ్మిది రోజులు సెలవు పెట్టి తిరిగితే పని అయింది. ఆవిడ తిరగకపోతే అమ్మాయి ఒక ఏడాది ఇంట్లో కూర్చునేది. పదహారేళ్ల ఆడపిల్ల ఏడాది ఇంట్లో కూర్చుంటే తర్వాత ఏమవుతుందో ఇక్కడ వివరించనక్కర్లేదు.

అందుకే రెండో పేజీలో మొదటి గడి బడికి ఉండే పదకొండు అంకెల యూడైస్ కోడ్. రెండోది గుర్తింపు ఏ తరగతి దాకా అన్నది, కాగితం చూసి. మూడోది మన పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అన్నది. మన పేర్ల స్పెల్లింగు గురించి మనకంటే బాగా ఎవరికీ తెలియదు. ఈ మూడూ చూడటానికి బీఈడీ అక్కర్లేదు.

తర్వాతవి చూడటానికి కాస్త అనుభవం కావాలి, అదీ నేర్పవచ్చు. బడికి పదకొండు గంటలకు వెళ్లండి. ప్రార్థన సమయంలో అన్ని బడులూ అందంగానే ఉంటాయి. పిల్లల నోటు పుస్తకాలు తిప్పండి. ఎర్ర సిరా టిక్కులు ఉన్నాయా అని కాదు, తప్పును దిద్ది మళ్లీ రాయించారా అని చూడండి. మూడో తరగతి పిల్లను ఎప్పుడూ చదవని పేజీ తెరిచి నాలుగు వాక్యాలు చదవమనండి. కంఠస్థం వచ్చిన పాఠం అడిగితే అందరూ చెబుతారు. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు, గడియ, నీళ్లు ఉన్నాయా? ఇది అడగడానికి మన సోదరీమణులే వెళ్లాలి. టీచర్ల సంఖ్య తరగతుల సంఖ్యకు సరిపోతోందా? చట్టం ప్రకారం ప్రైమరీలో ముప్ఫై మందికి ఒక టీచరు ఉండాలి. ఉర్దూ చెప్పేవాళ్లున్నారా అనేది కూడా అడగండి. మన పిల్లల్లో ఎందరో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మధ్య నలుగుతున్నారు. ఏ ఒక్క భాషలోనైనా తడుముకోకుండా చదవడం వచ్చిన పిల్ల మిగతా రెండూ పట్టుకుంటుంది. ఏదీ రాని పిల్లకు మూడూ బరువే. కార్పొరేషన్‌కు ఉర్దూ బడులున్నాయి. చిన్న ప్రైవేటు స్కూళ్లలో ఉర్దూ పిరియడు అరుదు.

ఫీజు బాకీ, టీసీ గురించి కూడా చెప్పాలి. బాకీ తీర్చేదాకా టీసీ ఇవ్వం అంటారు. బడి మారుద్దామన్నా మారలేక, ఉందామన్నా ఫీజు కట్టలేక పిల్లలు ఇంట్లో ఉండిపోతారు. విద్యా హక్కు చట్టం ఐదో సెక్షన్ ఎనిమిదో తరగతి దాకా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారతామంటే టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. పుట్టిన తేదీ కాగితం లేదన్న కారణంతో కూడా చేర్చుకోకుండా ఉండకూడదు. ఇది పద్నాలుగో సెక్షన్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేటలు మునిగినప్పుడు బీరువాలో కాగితాలన్నీ ముద్దయిపోయిన ఇళ్లు మీరు చూశారు. అలాంటప్పుడు ఆ సెక్షను నోటికి వచ్చిన ఒక్క మనిషి తోడు వెళ్లడం వెయ్యి రూపాయల సాయం కంటే ఎక్కువ. తొమ్మిది, పది తరగతుల్లో మాత్రం ఈ రక్షణ లేదు. అక్కడ బాకీ డబ్బే అడ్డం. మన ఫీజు నిధి అసలు అవసరం అక్కడ ఉందని మా అభిప్రాయం.

ఇదే చట్టంలో ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని పన్నెండో సెక్షన్ చెబుతుంది. మన రాష్ట్రంలో 2022-23 నుంచి ఈ ప్రవేశాలు జరుగుతున్నాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, లాటరీ, ఇంటికి దగ్గర బడికి ప్రాధాన్యం. అందులో మైనారిటీలు, బీసీలు, ఓసీ పేదలు అందరికీ కలిపి ఆరు శాతం. నలభై సీట్లున్న తరగతిలో రెండో మూడో. అందుకని దీని మీద పెద్ద ఆశలు పెట్టమని చెప్పం, కానీ దరఖాస్తుకు పోయేదేమీ లేదు. అనాథలు, హెచ్ఐవీ బాధితులు, దివ్యాంగులకు విడిగా ఐదు శాతం ఉంది. మన సొసైటీ పోషిస్తున్న యతీమ్ పిల్లల జాబితా మన బీరువాలోనే ఉంది. వాళ్లలో ఐదేళ్లు నిండేవాళ్లెవరో ఫిబ్రవరిలోనే తీసి పెట్టాలి. నోటిఫికేషను వచ్చాక గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆదాయ పత్రానికి సచివాలయం చుట్టూ తిరగడానికే వారం పడుతుంది. సీటు వచ్చినా వ్యాను, పుస్తకాల ఖర్చు ఆచరణలో ఉంటుందని తల్లికి ముందే చెప్పాలి.

ఈ సభలో స్కూళ్లు నడిపే పెద్దలు కూడా ఉన్నారు. మైనారిటీ హోదా ఉన్న బడులకు ఈ చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. ఆ తీర్పును తిరిగి చూడాల్సిన అవసరం ఉందని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది. కోర్టులో ఏం తేలినా తేలనివ్వండి. చట్టం అడగకపోయినా ప్రతి తరగతిలో నాలుగు సీట్లు మన జాబితాకు వదలగలరా అని మాత్రం మీ ముందు అడుగుతున్నాం. భోజనాల దగ్గర జవాబు చెప్పినా చాలు.

హాస్టలు బడుల సంగతి త్వరగా ముగిస్తాం. ఐదో తరగతి నుంచి మైనారిటీ గురుకులాలున్నాయి, గుంటూరు మనకు దగ్గర. ఆరు నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి, తల్లిదండ్రులు లేనివాళ్లకు, బడి మానేసినవాళ్లకు ముందు చోటు. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే కనుక నగరం పిల్లలకు పోటీ ఎక్కువ. మదర్సాలో చదువుతూనో, పనిలో పడిపోయో పది రాయలేకపోయిన పిల్లలకు పద్నాలుగేళ్లు నిండితే ఓపెన్ స్కూలు ఉంది. ఇంటికి దూరంగా ఆడపిల్లను పంపడానికి మన ఇళ్లలో వెనకాడతారు. బలవంతం చేయొద్దు. ఒకసారి తల్లిని తీసుకెళ్లి ఆ గదులు, ఆ వార్డెన్‌ను చూపించి తీసుకురండి. చూసి వచ్చిన తల్లి కాదంటే ఆమె మాటే చెల్లాలి. దూరం హైస్కూలుకు మాత్రం ఒక అడ్డు తొలగింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్టు లేదు. నెలకు ఎనిమిది వందల వ్యాను బదులు నలుగురు అమ్మాయిలు కలిసి బస్సులో వెళ్లే ఏర్పాటు మొహల్లాలో ఎవరైనా ఒక పెద్దమ్మ చూసుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. ప్రస్తుతం ప్రైవేటులో ఉన్న పిల్లలకు సాయం ఆపాలని మేము అనడం లేదు. ముఖ్యంగా ఎనిమిది దాటిన పిల్లను బడి మార్చమని చెప్పడం తగదు, వాళ్లకు పది అయ్యేదాకా మనం నిలబడాలి. కొత్తగా వచ్చే అర్జీల్లో, ఒకటో తరగతికి, ఆరో తరగతికి వెళ్లబోయే పిల్లల విషయంలో మాత్రం ముందు రెండో పేజీ, తర్వాత చెక్కు. ఏ బడి అన్నది తల్లిదండ్రులే చెబుతారు. మనం చూసి వచ్చింది వాళ్ల ముందు పెడతాం, అంతే. కార్పొరేషన్ బడి ఎంచుకున్న కుటుంబానికి మన సాయం సున్నా అయిపోకూడదు, ఇది గట్టిగా చెబుతున్నాం. ఇవాళ మన నియమాల్లో ఫీజు రసీదు లేనిదే సాయం లేదు. రసీదు లేని బడిని ఎంచుకున్నందుకు ఆ తల్లికి శిక్ష పడినట్టవుతోంది. ఆ నియమం మార్చి, సాయంత్రం చదువుకు, కంటి పరీక్షకు, ఎన్ఎంఎంఎస్ తయారీకి ఆ డబ్బు వాడేలా తీర్మానం కోరుతున్నాం. జకాత్ ఖాతా నుంచి ఏది కట్టవచ్చో, ఏది మామూలు విరాళాల ఖాతా నుంచి కట్టాలో ఉలమాలను అడిగి రాతపూర్వకంగా తీసుకుంటాం. లోపల గందరగోళం ఉంటే దాతకు నమ్మకం ఉండదు.

ఎన్ఎంఎంఎస్ తరగతులకు మాలో ఆరుగురం వారానికి రెండు సాయంత్రాలు ఇస్తాం, పైకం అక్కర్లేదు. గది, లైట్లు, పిల్లలకు బిస్కెట్లు, టీ మీరు చూడాలి. ఆకలితో లెక్కలు ఎక్కవు. నర్సరీ వయసు పిల్లల కోసం మూడు మొహల్లాల్లో అంగన్‌వాడీలు ఎలా నడుస్తున్నాయో మా మేడమ్‌లు చూస్తున్నారు. బాగా నడిచే చోటికి తల్లుల్ని పంపుతాం. నడవని చోట మధ్యాహ్నం పూట మన హాలే తెరవవచ్చేమో, దాని ఖర్చు అంచనా వచ్చే నెల కమిటీకి ఇస్తాం.

బడులు చూడటానికి మనుషులు కావాలి. నలభై మంది ఉంటే మనిషికి రెండు బడులు పడతాయి, నెల రోజుల్లో పూర్తవుతుంది. టీచర్లే కానక్కర్లేదు. దుకాణం వారానికి ఒక పూట మూయగలిగినవాళ్లు, రిటైరైనవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లయిన తల్లులు చాలు. వచ్చే ఆదివారం అసర్ తర్వాత ఇదే హాలులో ఫారం ఎలా నింపాలో చూపిస్తాం. బయట షామియానా కింద బల్ల మీద రిజిస్టరు ఉంది. పేరు, ఫోను నంబరు, ఏ మొహల్లా అన్నది రాయండి. స్కూటర్ ఉందో లేదో కూడా రాయండి. సింగ్‌నగర్ వైపు వెళ్లేవాళ్లు తక్కువగా ఉన్నారు.